‘వెన్నులో నీరు’, ‘మస్తిష్కమేరు ద్రవం’, ‘జాడ’: ఒక పరిభాషా విమర్శ

నడుము దగ్గర వెన్నుపూసల సందులోంచి సూదితో ద్రవం తీసి పరీక్షించే పద్ధతిని 1891లో జర్మన్ వైద్యుడు క్వింకే ప్రవేశపెట్టాడు. దీనిని జనం ‘వెన్నులో నీరు తీయడం’ అంటారు. ఆ ద్రవానికి గ్రాంథిక పరిభాష ‘మస్తిష్కమేరు ద్రవం’. జనం మాట సులభం, పండితుల మాట సమగ్రం అనే నిర్ణయంతో మన పరిభాషా విమర్శ సాధారణంగా ఆగిపోతుంది. పశ్చిమ ప్రకాశంలో ఆ నిర్ణయం నిలవదు.

కనిగిరి, మార్కాపురం ప్రాంతాల భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఉంది. ఫ్లోరోసిస్ ముదిరితే వెన్నుపూసలను కలిపే పట్టీలు ఎముకలా గట్టిపడతాయి. సూది దించడమూ కష్టం కావచ్చు. ఇక్కడ ‘వెన్ను’, ‘నీరు’ పక్కపక్కన చేరితే ముందుగా స్ఫురించేది వంగిన నడుము. పైగా ‘పొట్టలో నీరు తీశారు’ అన్నప్పుడు అది చికిత్స. ఆ వాడుక బలంతో ‘వెన్నులో నీరు తీశారు’ అన్న మాట రోగమే బయటికి పోయిందన్న భావమిస్తుంది. నిజానికి ఆ ద్రవం రోగం కాదు; ఆరోగ్యవంతులైన పెద్దల్లోనూ సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. ‘మస్తిష్కమేరు’ ఈ పొరపాటు చేయదు. (మేరువు అనగానే విద్యార్థికి పర్వతం గుర్తొస్తే అది వాడి తప్పు కాదు.) ‘పరీక్షకు వెన్నుద్రవం తీయడం’ అంటే చాలు.

అసలు చిక్కు ‘బయోమార్కర్’ దగ్గర ఉంది. మెదడు కణితి విడిచే డీఎన్ఏ శకలాలు రక్తంలో కంటే ఈ ద్రవంలో ఎక్కువగా దొరికే అవకాశముంది. రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడ అందుకు ఒక కారణం. బీజకణ కణితుల నిర్ధారణలో ఆల్ఫా ఫీటోప్రోటీన్, హెచ్‌సీజీ కొలతలు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. గ్లయోమాల విషయంలో చాలా భాగం ఇంకా పరిశోధన దశే. మెదడులో ఒత్తిడి పెరిగిన రోగికి సూది ప్రమాదం కనుక ముందు స్కానింగ్ తప్పదు. కణితి ఉండి కూడా ద్రవంలోకి ఏమీ విడవకపోవచ్చు. అయినా ‘నెగెటివ్’ను మన అనువాదాలు ‘లేదు’ అని తేల్చేస్తాయి. గిద్దలూరు నుంచి రైలెక్కి గుంటూరు ఆసుపత్రికి వెళ్ళిన కుటుంబం ఆ ఒక్క మాట నమ్మి తిరిగొస్తే మళ్ళీ పరీక్షకు వెళ్ళదు.

‘జీవసూచిక’ కంటే ‘కణితి జాడ’ మేలని నా అభిప్రాయం. జాడ దొరకనంత మాత్రాన పులి లేదని నల్లమల అంచున ఎవరూ అనరు. అయితే చికిత్స తరవాత ఆ శకలాల మోతాదు తగ్గిందా, పెరిగిందా అని చెప్పడానికి ‘జాడ’ చాలదు. అక్కడ ‘సూచిక’నే ఉంచాలి.