రెండు సంఖ్యలలో ఒదిగిన పొర: ఉత్తరాంధ్రపై దిగువ అయనోవరణ నమూనాల పరిశీలన

పగలు వినిపించని దూరప్రాంత మీడియం వేవ్ కేంద్రాలు రాత్రి వినిపించడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రేడియో శ్రోతలకు తెలిసిన విషయమే. సుమారు 60–90 కి.మీ. ఎత్తులోని డి-పొర పగలు ఆ తరంగాలను శోషించి, సూర్యాస్తమయం తర్వాత క్షీణించడమే ఇందుకు కారణం. ఆ పొరలోని ఎలక్ట్రాన్ సాంద్రతను నేరుగా కొలవడం మాత్రం కష్టం. బెలూన్లు అంత ఎత్తుకు చేరవు. ఉపగ్రహాలు అంత దిగువన పరిభ్రమించలేవు. సాంద్రత స్వల్పం కనుక సాధారణ అయనోసోండుకూ అది అందదు. నేరుగా కొలవగలిగేది రాకెట్టే. అదీ కొద్ది నిమిషాల పాటు.

వాల్తేరులో ఆచార్య బి. రామచంద్రరావు పెంపొందించిన అయనోవరణ పరిశోధన ఈ తీరానికి గర్వకారణం. అయితే రాకెట్ కొలతలకు పేరొందిన తుంబా 8.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, భూఅయస్కాంత మధ్యరేఖకు చేరువలో ఉంది. శ్రీకాకుళం 18.3 డిగ్రీల వద్ద ఉంది. సూర్యకిరణాల వాలు, విశ్వకిరణాల తీవ్రత అక్షాంశాన్ని బట్టి మారతాయి. కనుక అక్కడి కొలతను ఇక్కడికి యథాతథంగా అన్వయించడం సమంజసం కాదు.

ఈ లోటును పూరించడానికి వెయిట్, స్పైస్ 1964లో ప్రతిపాదించిన నమూనాను విరివిగా వాడుతున్నారు. అందులో పొర స్వరూపమంతా ప్రతిబింబ ఎత్తు, సాంద్రత పెరిగే వాలు అనే రెండు సంఖ్యలలో ఇమిడిపోతుంది. తిరునెల్వేలి సమీపంలోని నౌకాదళ కేంద్రం ప్రసారం చేసే 18.2 కిలోహెర్ట్జ్ సంకేతపు తీవ్రతను, దశను గ్రహించి ఆ రెండింటినీ రాబట్టవచ్చు. సౌరజ్వాలల వేళ ప్రతిబింబ ఎత్తు తగ్గడాన్ని ఈ పద్ధతి చక్కగా పట్టుకుంటుంది. దాని ప్రయోజనం కాదనలేనిది.

చిక్కు వేరొక చోట ఉంది. రెండు పరిశీలనలతో రెండు పరామితులను నిర్ణయించాక, నమూనా ఆ పరిశీలనలతోనే సరిపోలడం రుజువు కాజాలదు. పైగా కోల్‌కతాలో గ్రహించే సంకేతం సుమారు 1,900 కి.మీ. ప్రయాణిస్తుంది, అందులో అధిక భాగం బంగాళాఖాతం మీదుగానే. వచ్చే ఫలితం ఆ దారి మొత్తానికి సగటు. శ్రీకాకుళంపై ఆకాశానికి ప్రత్యేక కొలత కాదు. సూత్రం ఘాతీయం కావడంతో చిన్న దోషమూ పెద్దదవుతుంది. వాలులో కి.మీ.కు 0.1 తేడా వస్తే, ప్రతిబింబ ఎత్తుకు 10 కి.మీ. అవతల సాంద్రత అంచనా 2.7 రెట్లు మారుతుంది. అయినా గీత మాత్రం నునుపుగానే కనిపిస్తుంది. ఆ నునుపును కచ్చితత్వంగా భ్రమించడమే ప్రమాదం.

అందువల్ల మరొక పౌనఃపున్యమో, ఉత్తరాంధ్రలోనే ఒక గ్రాహకమో, రేడియో శోషణ కొలతో స్వతంత్ర సాక్ష్యంగా నిలవాలి. అంతవరకు ప్రతి సాంద్రత గీతతో పాటు దాని దోష పరిధినీ ప్రకటించడం శాస్త్ర మర్యాద. కొలతలు కొద్దిగా ఉండటం తప్పు కాదు. ఆ కొరతను నమూనా చాటున దాచడమే తప్పు.