ఒరగని బండి

మామిడి సీజన్‌లో నూజివీడు–ఆగిరిపల్లి రోడ్డెక్కితే అందరూ కాయలు చూస్తారు, నేను వాటిని నున్న మార్కెట్‌కు మోసే బండ్లు చూస్తాను. ఈ వారం ఒక పికప్ డ్రైవర్ వెనక కమాన్ కట్టలకు (లీఫ్ స్ప్రింగులకు) అదనపు పట్టీలు వేయించి, "ఇంక మలుపులో ఒరగదండీ, ఎంతైనా ఎక్కించొచ్చు" అన్నాడు. మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండోదానికే ఒళ్లు మండింది.

ఒరగడమంటే ఇప్పుడు అందరికీ నామోషీ. మళ్లీ అంబాసిడర్ పురాణమా అని నవ్వుకోండి, ఫరవాలేదు. 2014లో తయారీ ఆగిపోయిన ఆ కారుకు ముందు టార్షన్ బార్లు, వెనక కమాన్ కట్టలు. డిక్కీలో చిన్న రసాలు, వెనక సీట్లో ఒకరి ఒళ్లో ఒకరుగా పిల్లలం. హనుమాన్ జంక్షన్ దారిలో మలుపు వస్తే మందంతా ఒక పక్కకు జారేవాళ్లం. "పట్టుకోండర్రా" అంటూనే మావయ్య వేగం తగ్గించేవాడు. స్పీడోమీటర్ ముల్లు పనిచేసేదో లేదో కూడా ఆయనకు పట్టేది కాదు. ఎంత నెమ్మదించాలో కారు ఒరుగుడే చెప్పేది.

మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో దాన్ని రోల్ సెంటర్ అంటారు. దాని చోటు సస్పెన్షన్ అమరికను బట్టి ఉంటుంది. కమాన్ కట్టల రిజిడ్ యాక్సిల్‌కు దాదాపు కట్టల ఎత్తులో. ఏ చక్రానికా చక్రం విడిగా ఆడే ముందు సస్పెన్షన్లలో సాధారణంగా నేలకు దగ్గరగా. గరిమనాభి, అంటే బరువు కేంద్రం, రోల్ సెంటర్‌కు ఎంత ఎత్తున ఉంటే బాడీ అంత ఒరుగుతుంది. ట్రేల మీద ట్రేలు పేర్చితే గరిమనాభి లేస్తుంది, రోల్ సెంటర్ లేవదు.

పట్టీలు ఒరుగుడును తగ్గిస్తాయి, నిజమే. కానీ లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి మొత్తం ఎంత బరువు మారాలో ప్రధానంగా తేల్చేవి వేగం, గరిమనాభి ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు. పైగా వెనక ఒక్కటే గట్టిపడితే ఆ మార్పులో ఎక్కువ వాటా వెనక టైర్లదవుతుంది. కాయలు దించి తిరిగొచ్చేటప్పుడు, వేసవి వానకు తడిసిన రోడ్డు మీద ఖాళీ బండి తోక విసరొచ్చు.

అయితే పట్టీలు పీకించమంటానా? అనను. మెత్తటి కట్టల మీద నిండు లోడు ఒరిగితే ఆ బరువే బయటికి జరిగి బోల్తాను దగ్గర చేస్తుంది. మామిడి బండికి అంబాసిడర్ ఊపు పనికిరాదు. పట్టీలుండనివ్వండి, పై వరుస ట్రేలు దించండి. దించిన వరుస కిరాయి ఎవరి నెత్తిన పడాలో రైతూ డ్రైవరూ లోడు కట్టకముందే తేల్చుకోవాలి. ఆ బేరం మాత్రం ఈ సీజన్‌లో నా చెవిన పడలేదు.