కూతకు గడియారం కట్టిన ఆట

కబడ్డీ చూడవచ్చిన వాళ్లంతా కూతకెళ్లినవాడినే చూస్తారు. తొడ చరిచాడా, గీత దాటాడా, ఎంతమందిని తాకి వచ్చాడు, అంతవరకే. నా కళ్లు మాత్రం మూలన నిలబడ్డవాడి చేతుల మీదే ఉంటాయి. జనగామ బడి మైదానంలో చూసినా, టీవీలో చూసినా అదే అలవాటు. చప్పట్లు ఎప్పుడూ రైడర్‌కే పోతాయి, కష్టం మాత్రం ఆ మూలవాడిది.

ఎడమ మూల ఆటగాడు పట్టు పట్టడం దగ్గర్నుంచి చూడండి. మోకాళ్లు సగం వంగి ఉంటాయి. అరచేతులు తెరుచుకుని, వేళ్లు నేలకు జానెడు ఎత్తున ఆడుతుంటాయి. కూతకొచ్చినవాడి ముఖం వంక అసలు చూడడు. ముఖం అబద్ధం చెబుతుంది, భుజం అబద్ధం చెబుతుంది. నడుమూ మడమా చెప్పవు. రైడర్ ముందుకాలు బోనస్ గీత కేసి చాస్తాడు, బరువు వెనక్కాలి మీదే ఉంచుకుంటాడు. అప్పుడు పట్టుకుంటే ఆ కాలు చేతుల్లోంచి జారిపోతుంది. బరువు ముందుకాలి మీదికి మారే అరక్షణం ఒకటుంటుంది, దాని కోసమే ఎదురుచూపు. ఆ క్షణంలో ఒక చెయ్యి మడమ వెనక, ఇంకో చెయ్యి చీలమండ మీద పడాలి. పడగానే కాలిని పైకెత్తి ఛాతీకి అదుముకోవాలి. తల పక్కకు తిప్పుకోకపోతే మోకాలు మూతి మీద పడుతుంది. పళ్లు రాలగొట్టుకున్న మూల ఆటగాళ్లు మా దిక్కు చాలామందే ఉన్నారు, అడిగితే నవ్వుతూ చూపిస్తారు.

ఇక్కడితో పని సగమే అయింది. పక్కనున్న ‘ఇన్’ ఆటగాడు నడి గీతకూ రైడర్‌కూ మధ్య దూరాలి. కవర్ ఆటగాడు పక్క నుంచి భుజంతో కొట్టి కోర్టు బయటికి తోయాలి, లేదా నడుము పట్టుకుని లేపేయాలి. చెయ్యీ చెయ్యీ పట్టుకున్న గొలుసు తెగకూడదు. ఒకడు తొందరపడి దూకితే మిగిలిన ఆరుగురూ గోవిందా. పట్టు ఒకడి గొప్ప అనుకునేవాడికి కబడ్డీ అర్థం కానట్టే లెక్క.

ఇరాన్ నుంచి వచ్చి మనవాళ్లకే మూల ఆట నేర్పినవాడు ఫజల్ అత్రాచలి. ప్రో కబడ్డీలో పట్టు పాయింట్ల లెక్కలో అందరికంటే పైన ఉన్నది అతనే. చీలమండ దొరకగానే వదలడు, రైడర్ కంటే ముందే లేచి నిలబడతాడు. మంజీత్ ఛిల్లర్‌ది మరో దారి. పట్టడమూ వచ్చు, కూతకెళ్లడమూ వచ్చు, ఎదుటి జట్టును మాటల్తో చెదరగొట్టడమూ వచ్చు. నన్నడిగితే ఈ ఇద్దరి వీడియోలు ప్రతి జిల్లా పరిషత్ బడిలోనూ పిల్లలకు వేసి చూపించాలి.

అలాగని రైడర్‌ను తక్కువ చేయను. కూత కూడా చదువే. నడి గీత దాటకముందే కూత మొదలవ్వాలి, ఎదుటి గడిలో ఉన్నంతసేపూ తెగకూడదు, అంపైర్ చెవిన పడాలి. తెగిందా, ఔటే. నడి గీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్ ఉంటుంది. ఎవరినీ తాకకుండా వెనక్కి వచ్చేవాడు కనీసం దాన్నయినా దాటి రావాలి, లేకపోతే ఔట్. దానికవతల మీటరు దూరంలో బోనస్ గీత. అవతల ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడే బోనస్ దక్కుతుంది, అదీ ఒక కాలు గీతవతల మోపి రెండో కాలు గాల్లో ఉంచితేనే. అనూప్ కుమార్ ఈ గీత మీదే బతికాడు. జోరు చూపించడు, అరవడు. నెమ్మదిగా వెళ్లి, కాలి బొటనవేలు మోపి, పాయింటు తెచ్చుకుని వస్తాడు. చూసేవాడికి ఏమీ జరగనట్టే ఉంటుంది, స్కోరు బోర్డు మాత్రం కదులుతుంది. 2016లో అహ్మదాబాద్‌లో జరిగిన ప్రపంచకప్‌లో నాయకుడు అతనే. ఫైనల్లో ఇరాన్ ముందంజలో ఉండగా అజయ్ ఠాకూర్ లేచి 12 పాయింట్లు తెచ్చాడు, 38-29తో గెలిచాం. ఠాకూర్ కప్పగంతు చూశారా? పట్టుకోవడానికి వంగినవాడి వీపు మీదుగా రెండు కాళ్లూ దాటేసేవాడు.

ఇక ప్రదీప్ నర్వాల్ డుబ్కీ. గొలుసుగా వస్తున్న ఇద్దరి చేతుల కింద నుంచి, తల నేలకు తగిలేంత వంగి, అవతల తేలడం. 2017 ప్రో కబడ్డీ సీజన్లో అతనొక్కడే 369 రైడ్ పాయింట్లు తెచ్చాడు. ఆ ఏడాదే హరియాణా స్టీలర్స్ మీద ఒకే ఒక్క కూతలో 8 పాయింట్లు పట్టుకొచ్చాడు. ఆరుగురిని ఔట్ చేసి, ఆలౌట్ పాయింట్లు కూడా కలుపుకుని వచ్చాడు. పవన్ సెహ్రావత్ 2019లో అదే హరియాణా మీద ఒక్క మ్యాచ్‌లో 39 పాయింట్లు తెచ్చాడు. ఇంతకంటే ఏం రాయను, చూసి తీరాల్సిందే.

చరిత్ర జోలికి ఎక్కువ పోను. పద్మవ్యూహంలో అభిమన్యుడి నుంచే ఈ ఆట పుట్టిందని మా పెద్దవాళ్లు చెబుతారు. నమ్మినా నమ్మకపోయినా వినడానికి బాగుంటుంది. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో మహారాష్ట్రలోని అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి వాళ్లు అక్కడ ఆడి చూపించారు. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆటగా చేరింది. సంజీవని, గామిని, అమర్ అని పాత పద్ధతులు మూడు. ఎదుటివాడొకడు ఔటైతే మనవాడొకడు లేచొచ్చేది సంజీవని, ఇప్పుడు అంతటా ఆడేది అదే. గామినిలో ఔటైనవాడు జట్టంతా పడేదాకా కూర్చోవాల్సిందే. అమర్‌లో ఔటైనా బయటికి పోనక్కర్లేదు. చాలు.

మావైపు మాటకొస్తే, 2016లో వరంగల్ జిల్లాను విడదీశాక జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దేనికదే జిల్లా అయింది. కబడ్డీకి ఒక మేలు జరిగింది. ఒక జట్టుకు బదులు ఎన్నో జట్లు రాష్ట్ర పోటీలకు పోతున్నాయి. మహబూబాబాద్ తండాల పిల్లల కాళ్లలో ఉన్న వేగం నేనింకెక్కడా చూడలేదు. భూపాలపల్లిలో సింగరేణి కార్మికుల ఆట వేరు, బొగ్గు పని చేసిన చేతులు పట్టిన పట్టు విడవవు. సింగరేణి క్రీడా సంఘం పోటీలకు ఆ జట్లు దిగితే కవర్ ఆటగాళ్లను చూడండి, గోడలే. మా జనగామవాళ్లది బుర్ర ఆట. ఇది పక్షపాతమంటారా, అవును, పక్షపాతమే.

ఇక నిబంధనల గొడవ. ప్రో కబడ్డీ సీజన్ దగ్గరికొచ్చిందంటే మావైపు టీ కొట్ల దగ్గర ఇదే రచ్చ. జట్లు ముందస్తుగా ఆడుకునే ప్రాక్టీస్ మ్యాచ్ ముక్కలు ఫోన్లలోకి వస్తాయి. సగం చీకటి, సగం వణుకు, స్కోరు కనపడదు. దాని మీదే సీజనంతా తేల్చేస్తారు. 2025 సీజన్‌కు ముందు, లీగ్ మ్యాచుల్లో ఇక టై ఉండదని, సమమైతే చెరో అయిదు కూతలు పెడతారని, అప్పటికీ తేలకపోతే గోల్డెన్ రైడ్ అని తెలిసినప్పుడైతే కొట్టుకున్నంత పనైంది.

“గోల్డెన్ రైడ్ అంటే లాటరీ టికెట్టే గదనే. నలభై నిమిషాలు సమంగ ఆడినోళ్లను ఒక్క కూతతోటి ఓడగొడ్తరా?”

“లాటరీ గాదు కాకా, దమ్ము పరీక్ష. టై అయితే నీకు నిద్ర పడ్తదా?”

నేను కాకా పక్షం. టై కూడా ఒక ఫలితమే. రెండు జట్లూ సమానంగా ఆడాయని చెప్పడానికి అంతకంటే మర్యాదైన మార్గం లేదు. ఆ అయిదు కూతల్లో బాక్ లైనే బోనస్ గీత అయిపోతుంది, ఔటైనవాళ్లు బయటికి పోరు. అంటే అప్పటిదాకా ఆడిన ఆట ఒకటి, తీర్పు చెప్పే ఆట ఇంకొకటి.

అన్ని మార్పులనూ తిట్టను. ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు పట్టు పడితే ఒక పాయింటు అదనంగా ఇచ్చే సూపర్ టాకిల్ చాలా మంచి నిబంధన. చావు అంచున ఉన్న జట్టుకు ప్రాణం పోస్తుంది, పైగా పట్టుకు విలువ కట్టింది. వరుసగా రెండు ఖాళీ కూతల తర్వాత మూడోది చావో రేవో అనడం కూడా ఒప్పుకుంటాను. లేకపోతే ఆధిక్యంలో ఉన్నవాళ్లు బాక్ లైన్ దాటి, దండం పెట్టి వెనక్కి వచ్చేవాళ్లు. కూతకు 30 సెకన్లని పెట్టిన గడియారం దగ్గరే నా మనసు ఒప్పదు. లెక్కకు బాగానే ఉంది. నలభై నిమిషాల ఆటలో ప్రతి కూతా పూర్తిగా సాగదీసినా 80 కూతలు పడతాయి, టీవీకి అదే కావాలి. కానీ ఊపిరి కొలిచే పని గడియారానికి అప్పగించాక కూతను పట్టించుకునేవాడు లేకుండా పోయాడు. పెదాలు కదులుతున్నాయి, మాట వినపడదు. మధ్యలో గాలి పీల్చుకున్నవాడిని వెనక్కి పంపే అంపైర్ ఎక్కడున్నాడు? మా చిన్నప్పుడు ఊపిరి పట్టలేనివాడు కూతకే వెళ్లేవాడు కాదు.

నిబంధనలు చోటుకొకటిగా ఉంటే ఏమవుతుందో 2023 అక్టోబర్ 7న హాంగ్‌ఝౌలో లోకమంతా చూసింది. ఆసియా క్రీడల ఫైనల్, ఇరాన్‌తో 28-28, రెండు నిమిషాల లోపే మిగిలింది, పవన్ చావో రేవో కూతకెళ్లాడు. ఎవరినీ తాకకుండానే లాబీలోకి, అంటే కోర్టు పక్క అంచు పట్టీలోకి, అడుగేశాడు, అతని వెంట నలుగురు ఇరానీలు దిగారు. పాత నిబంధన ప్రకారం అందరూ ఔట్, కొత్త దాని ప్రకారం పవన్ ఒక్కడే ఔట్. తీర్పు అటు మారింది, ఇటు మారింది. ఆటగాళ్లు కోర్టులోనే కూర్చున్నారు, ఆట గంట సేపు ఆగింది. చివరికి మనకు నాలుగు, వాళ్లకు ఒకటి. 33-29తో స్వర్ణం మనదే. మనం గెలిచాం గనక సంబరపడ్డాం. వాళ్ల స్థానంలో మనముంటే ఊరుకునేవాళ్లమా? అదే రోజు మన అమ్మాయిలు చైనీస్ తైపీ మీద 26-25తో గెలిచి ఆ క్రీడల్లో దేశానికి నూరో పతకం తెచ్చారు. ఏ గొడవా లేకుండా తెచ్చిన ఆ గెలుపును గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ.

తెలుగు టైటాన్స్ గురించి రాయకుండా ముగిస్తే ఊళ్లోకి రానివ్వరు. 2014లో మొదటి సీజన్ నుంచి రాహుల్ చౌదరి ఆరు సీజన్లు మన జెర్సీలోనే ఆడాడు. ఆ తర్వాత ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లు వరుసగా అట్టడుగున నిలిచాం. పవన్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు తెచ్చుకున్న ఏడాదీ అంతే. డబ్బుతో రైడర్‌ను కొనొచ్చు, మూలలు కుదరాలంటే కలిసి ఆడాలి. 2025లో విశాఖలో మొదలైన సీజన్లో మొదటి మ్యాచే తమిళ్ తలైవాస్ చేతిలో ఓడినా, విజయ్ మలిక్ నాయకత్వంలో, భరత్ హుడా కూతలతో ఫైనల్‌కు ఒక్క అడుగు దూరం దాకా వెళ్లాం. పుణేరి పల్టన్ దగ్గర ఆగిపోయాం. ఆ రాత్రి మావైపు ఎవరూ సరిగ్గా తినలేదు.

ఇంతకీ నా కడుపుమంట వేరే ఉంది. టీవీ చూసి ఊళ్లలో ఆడుతున్న నకలు ఆట. మీసం మెలేయడం వచ్చింది, తొడ చరచడం వచ్చింది, అడుగు మార్చడం రాలేదు. రాళ్లేరని నేల మీద డుబ్కీ వేసి మెడ విరుచుకునే పిల్లలున్నారు. చీలమండ పట్టు నేర్పేవాడు లేడు, వెనక నుంచి బనియను లాగడమే పట్టనుకుంటున్నారు. వెనకటికి కోర్టంటే ఎంత పని! చెలక మట్టి తవ్వి, రాయి రాయీ ఏరి, ఉనుక కలిపి, నీళ్లు చల్లి, మర్నాటికి సున్నం గీతలు గీసేవాళ్లు. పడితే ఒళ్లు గీరుకుపోయేది కాదు. ఇప్పుడు బడి ఆవరణలో సిమెంటు గచ్చు పక్కనే గీతలు గీసి కానిచ్చేస్తున్నారు.

సంక్రాంతి పోటీలైతే మరీ అన్యాయం. లక్ష రూపాయల బహుమతని ఫ్లెక్సీ కడతారు, పై జిల్లాల నుంచి కూలికి ఆటగాళ్లను దింపుతారు. ఊరి పిల్లలు గీతవతల కూర్చుని ఫోన్లో వీడియో తీస్తారు. కప్పు ఊరికొస్తుంది, ఆట రాదు. క్రీడా ప్రాంగణాలని బోర్డులు పాతినచోట తుమ్మ చెట్లు మొలిచాయి. వ్యాయామ ఉపాధ్యాయుడు లేని బడిలో ఇంకెవరు నేర్పాలి?

పాలకుర్తి, తొర్రూరు, కాటారం, ఏ ఊరి కమిటీవాళ్లయినా సరే, వచ్చే పండగకి ఈ రెండు పనులు చేయండి. జట్టులో కనీసం నలుగురు ఆ ఊరివాళ్లే ఉండాలని షరతు పెట్టండి. ఉత్తమ రైడర్‌కు ఇచ్చే సైకిలు లాంటిదే ఇంకోటి ఉత్తమ మూల ఆటగాడికీ ఇవ్వండి. ఆ రెండో సైకిలు డబ్బులు తక్కువపడితే అడగండి, జనగామలో మేం నలుగురం కలిసి కొనిస్తాం. అంపైర్‌కు మాత్రం ముందే చెప్పి పెట్టండి, కూత వినపడకపోతే ఊరి సర్పంచ్ కొడుకైనా ఔటే.