ఏడింటికి జోడీ

అమెరికా స్టాక్ కార్ పందేల్లో డ్రైవర్ పేరు అందరికీ తెలుస్తుంది. నాకు మాత్రం ఇంజన్ విప్పి కట్టే మెకానిక్ మీదే గౌరవం ఎక్కువ. ఎనిమిది సిలిండర్ల షెవర్లే 350 ఇంజన్లో ఒక్క పిస్టన్ పాడైందనుకోండి. మిగతా ఏడింటికీ సరిజోడును వెతకడంలోనే అతని పనితనమంతా ఉంది.

కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఈ ఇంజన్ బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 4 అంగుళాలు. రీబోరు చేయించి ఉంటే 4.030 కావచ్చు. అందుకే పాత బిల్లును నమ్మడు. మైక్రోమీటర్ పట్టి పిస్టన్ కింది భాగమైన స్కర్టును పిన్నుకు లంబంగా తనే కొలుస్తాడు. పిన్ను మధ్య నుంచి పైభాగం దాకా ఎత్తు చూస్తాడు. అది తేడా వస్తే కంప్రెషనే మారిపోతుంది. వాల్వుల కోసం పిస్టన్ తలపై చేసిన గుంటలూ, రింగుల గాడులూ కలవాలి. పోత పిస్టన్ల మధ్య ఫోర్జింగ్ పిస్టన్ ఒక్కటి పెట్టడు. వేడికి రెండూ ఒకేలా వ్యాకోచించవు మరి.

ఆపైన తూకం. ఇక్కడే అతని ఓపిక చూడాలి! కొత్తది బరువైతే లోపలివైపు, బలం తగ్గని చోట, కొద్దికొద్దిగా లోహం తీస్తాడు, తూస్తాడు, మళ్ళీ తీస్తాడు. గ్రాము తేడాను కూడా వదిలిపెట్టడు. నిమిషానికి వేల సార్లు తిరిగే క్రాంక్ షాఫ్ట్‌కు ఆ గ్రామే అదురవుతుంది, అదురు బేరింగులను తినేస్తుంది.

గెలిచిన కారు పక్కన తీసే ఫొటోలో అతనికీ చోటివ్వండి.