కథానాయిక హెల్మెట్ ఎక్కడ పెట్టింది?

ఈ మధ్య ఒక కథల పోటీకి వచ్చిన కథల్ని చదివి వడపోసే పని నామీద పడింది. తొంభై దాకా కథలు. అందులో ఏడు కథల్లో కథానాయిక బండి నేర్చుకుంటుంది. ఒక కథలో వద్దనే మొగుడు, ఇంకో కథలో కాలుచెయ్యి విరుగుతుందని భయపెట్టే అత్తగారు, మరో కథలో వెక్కిరించే అన్నయ్య. అందర్నీ దాటుకుని చివరి పేరాలో ఆమె తాళంచెవి తిప్పుతుంది. జుట్టు గాలికి ఎగురుతుంది. చున్నీ రెక్కలా విప్పుకుంటుంది. కథ అయిపోతుంది.

ఈ కథలు నాకు నచ్చలేదని కాదు. ఇరవయ్యేళ్ల కిందట నేనూ ఇలాంటి కథే రాశాను. అందులో నా కథానాయిక కూడా రోడ్డు మలుపు తిరిగి మాయమైపోయింది. కానీ ఈసారి ఏడింటినీ వరసగా చదువుతుంటే ఒక ప్రశ్న పట్టుకుని వదల్లేదు. ఈమె ఎక్కడికి వెళ్తోంది? ఆఫీసుకో, బడికో, బ్యాంకుకో. సరే, వెళ్లింది. బండి స్టాండు వేసింది. తర్వాత?

తర్వాత ఏమవుతుందో నాకు బాగా తెలుసు. 1991లో లూనాతో మొదలుపెట్టి, స్కూటీ మీదుగా యాక్టివా దాకా, ముప్పై ఏళ్లకు పైగా బండి మీదే ఉద్యోగానికి వెళ్తున్నాను. ఇప్పుడు సైనిక్‌పురి నుంచి మాసాబ్‌ట్యాంక్ దాకా, రోజూ వెళ్లేటప్పుడు ఒక గంట, వచ్చేటప్పుడు గంటకి పైన. ఎగిరే చున్నీ అనగానే నాకు రెక్కలు గుర్తు రావు, వెనక చక్రం గుర్తొస్తుంది. మెడకు చుట్టుకున్న చున్నీ చక్రంలో పడితే ఏమవుతుందో ఒకసారి కళ్లారా చూసినవాళ్లెవరూ దాన్ని రెక్కతో పోల్చరు. ఎగిరే జుట్టు అనగానే హెల్మెట్ లేదన్నమాట అనిపిస్తుంది.

బండి దిగాక ఆడదాని దగ్గర ఎన్ని వస్తువులుంటాయో లెక్కపెట్టండి. హెల్మెట్. ఎండకీ పొగకీ ముఖానికి చుట్టుకున్న స్కార్ఫు. చేతులకు గ్లవుజులు. చీరమీదో చుడీదారుమీదో వేసుకున్న పాత చొక్కా, కాస్త డబ్బులున్న అమ్మాయైతే మోచేతుల దగ్గర మెత్తలున్న రైడింగు జాకెట్టు. వానాకాలమైతే రెయిన్‌కోటు, దాని ప్యాంటు, ఆఫీసులో వేసుకోవడానికి కవర్లో ఇంకో జత చెప్పులు. ఇవి కాక హ్యాండుబ్యాగు, లంచ్‌బాక్సు. డిక్కీలో పెట్టొచ్చు కదా అంటారు. ముఖమంతా కప్పే హెల్మెట్ చాలా స్కూటర్ల డిక్కీలో పట్టదు. పట్టినా ఇంక దేనికీ చోటుండదు. సీటు కింద ఇంజను వేడికి పెట్టిన వస్తువు మగ్గిపోతుంది. తడి రెయిన్‌కోటు మడిచి పెడితే సాయంత్రానికి వచ్చే వాసన తెలిసిన వాళ్లకే తెలుసు. హెల్మెట్‌ని సైడు అద్దానికి తగిలిస్తే లోపలి మెత్త నొక్కుకుపోతుంది. వానొస్తే లోపల చెరువు. హెల్మెట్ లోపల తలను కాపాడేది ఆ థర్మోకోల్ లాంటి పొరే. దెబ్బ తగిలినప్పుడు తాను నలిగి తలను నలగనివ్వదు. దాన్ని నీడలో, గాలి తగిలేచోట ఉంచాలి. అంటే లోపలికి, మనతోపాటు తీసుకెళ్లాలి.

లోపల ఎక్కడ? ఇదే మా కథలన్నీ దాటేసిన ప్రశ్న.

మా ఆఫీసులో మగవాళ్లకు ఈ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. రెయిన్‌కోట్లు కిటికీ ఊచలకి వేలాడతాయి. హెల్మెట్లు బీరువాల మీద వరసగా ఉంటాయి. తడిసిన చొక్కా విప్పి బనీనుతో ఫ్యాను కింద పది నిమిషాలు నిలబడితే ఎవరూ ఏమీ అనరు. పెద్దవాన పడిన రోజు ఆ మాత్రం ఉంటుంది అని నవ్వుకుంటారు. అదే ఆడవాళ్ల తడి బట్ట ఒక కుర్చీ వీపుమీద కనిపిస్తే "ఇది ఆఫీసా, దండెమా?" అన్న మాట వస్తుంది.

దండెం అంటే గుర్తొచ్చింది. మా తాతగారి ఇంట్లో సావిట్లో గోడకి నాలుగు చిలకకొయ్యలుండేవి. ఒకదానికి తాతయ్య కండువా, ఒకదానికి మామయ్య చొక్కా, ఒకదానికి గొడుగు. నాలుగోది వచ్చే చుట్టాలకి, అంటే వచ్చే మగ చుట్టాలకి. అమ్మమ్మ చీరలు పెరట్లో దండెం మీద, అదీ పైన తువ్వాలు కప్పి. బయటికి వెళ్లొచ్చే మనిషి బట్ట వాకిట్లోనే ఆగడానికి చోటుండేది. లోపలే ఉండే మనిషి బట్ట ఎవరి కంటా పడకూడదు. ఇప్పుడు బయటికి వెళ్లొచ్చేది మేమూనూ. కొయ్యలు మాత్రం ఇంకా నాలుగే.

ఇక ఆడవాళ్ల బాత్రూము. ప్యాంటు మీద వచ్చి ఆఫీసులో చీరలోకి మారదామనుకునే అమ్మాయి అక్కడికే వెళ్లాలి. నేల తడి. తలుపుకి కొక్కెం లేదు. మేకు కూడా లేదు. హ్యాండుబ్యాగు మెడకి, జాకెట్టు భుజానికి, చీర ఒక కొస పళ్లమధ్య పట్టుకుని, కుచ్చిళ్లు నేలకి తగలకుండా ఒంటికాలి మీద మార్చుకోవాలి. వర్జీనియా వుల్ఫ్ 1929లో రాసేవాళ్లకి సొంత డబ్బు, సొంత గది కావాలని వాదించింది. ఆ పుస్తకం మా తరంలో చాలామందికి దారి చూపింది. అయినా ఆ బాత్రూములో నిలబడ్డ ప్రతిసారీ నేను గది దాకా పోలేదు. తలుపు వెనక ఒక్క కొక్కెం ఉంటే చాలనుకున్నాను.

చట్టాల్ని కూడా కథల్లాగే చదవొచ్చు. అందులో ఎవరు మనిషిగా కనిపిస్తారు, ఎవరు కనిపించరు అని. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చూడండి. వెనక కూర్చున్న మనిషి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగం దాకా కప్పే అడ్డు ఉండాలంటుంది. మనం శారీగార్డు అంటాం. అది లేకపోతే ఎన్ని పైటలు, ఎన్ని ప్రాణాలు పోయుండేవో! ఆ నిబంధన రాసినవాళ్లకి చీర కట్టుకున్న మనిషి కనిపించింది, వెనక సీటు మీద. ముందు సీటు మీద మాత్రం కనిపించలేదు. ఢిల్లీ సంగతి ఇంకా వింత. హెల్మెట్ తప్పనిసరి అంటూ 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను చెప్తూనే ఉన్నా, 1993 నాటి ఢిల్లీ నిబంధనల్లో స్త్రీలకి అది ఇష్టమైతేనే. 2014లో మార్చేదాకా అలాగే ఉంది. ఇప్పుడు అక్కడ మినహాయింపు సిక్కు స్త్రీలకే. ఇరవయ్యేళ్లకి పైగా దేశ రాజధానిలో ఒకే బండి మీద మగవాడి తలకి విలువుంది, వెనకున్న ఆడమనిషి తలకి మాఫీ ఉంది. దాన్ని రాయితీ అనుకున్నాం కూడా.

బండికి తగ్గ బట్ట వేసుకుని వచ్చిన ఆడదాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్న తగువు మనతో మొదలు కాలేదు. 1898 అక్టోబరులో ఇంగ్లండులోని సర్రేలో లేడీ హార్బర్టన్ సైకిలు మీద వెళ్తూ ఓకమ్ అనే ఊళ్లో ఒక హోటలు దగ్గర ఆగింది. యాభై దాటినావిడ. ఆడవాళ్ల బట్టలు ఒంటికి సుఖంగా, పనికి వీలుగా ఉండాలని 1880ల నుంచీ పోరాడుతున్న సంఘంలో ముఖ్యురాలు. పాదాల దాకా గౌను కాకుండా, సైకిలు తొక్కడానికి వీలైన వదులు లాగు వేసుకుంది. హోటలు యజమానురాలు ఆమెను కాఫీ గదిలోకి రానివ్వలేదు. మగవాళ్లు కూర్చునే బార్ పక్క గదిలో కూర్చుంటే వడ్డిస్తానంది. సైకిలు యాత్రికుల సంఘం కేసు వేసింది. 1899లో తీర్పొచ్చింది. తిండి పెట్టనని అనలేదు, వేరే గది చూపించింది కాబట్టి యజమానురాలి తప్పు లేదని. 1916లో అమెరికాలో అగస్టా, అడలిన్ వాన్ బ్యూరెన్ అనే అక్కచెల్లెళ్లు మోటారుసైకిళ్ల మీద తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా వెళ్తే, దారిలో చిన్న ఊళ్లలో వాళ్లని పలుమార్లు అరెస్టు చేశారు. బాగా నడిపినందుకు కాదు, మగవాళ్ల బట్టలు వేసుకున్నందుకు. సైన్యంలో వార్తాహరులుగా ఆడవాళ్లూ పనికొస్తారని చూపించడానికి బయల్దేరారు వాళ్లు. అంత దూరం నడిపి చూపించాక కూడా అడలిన్ దరఖాస్తుని సైన్యం తిప్పికొట్టింది.

"వేరే గది చూపించింది కదా" అన్న తీర్పు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే ఆ మాట నేనూ అన్నాను.

నాలుగేళ్ల కిందట మా సెక్షనులో ఒక అమ్మాయి చేరింది. చిన్న మోటారుసైకిలు మీద వచ్చేది. జాకెట్టు, గ్లవుజులు, మోకాళ్లకి మెత్తలు, అన్నీ వేసుకుని. ఆ జాకెట్టుకి మొదటి రెండు నెలల జీతంలో దాచిన డబ్బు పెట్టానని చెప్పింది. దాన్ని కుర్చీకి తగిలించి, హెల్మెట్ బల్ల కింద కాళ్లదగ్గర పెట్టుకునేది. వచ్చిన వాళ్లంతా "యుద్ధానికొచ్చావా తల్లీ?" అనేవాళ్లు. నేనూ నవ్వాను. ఒకరోజు పై అధికారి తనిఖీకి వస్తున్నారని, సీట్ల దగ్గర సొంత సామాన్లు ఉండకూడదని ఒక నోటు తిప్పాం. ఆ నోటు తయారుచేసింది నేనే. కిటికీ ఊచల మీది రెయిన్‌కోట్లు ఆ నోటులోకి రాలేదు. అవి సీట్ల దగ్గర లేవు కదా! ఆ అమ్మాయి వచ్చి అడిగింది, "మేడమ్, మరి ఎక్కడ పెట్టుకోను?" అని. "స్టోరురూములో పెట్టుకోమ్మా" అన్నాను. స్టోరురూము మేడమీద, పాత ఫైళ్ల మధ్య, ఎలకలు. తాళం ఇంకొకరి దగ్గర.

ఆమె మళ్లీ అడగలేదు. జాకెట్టు తేవడం మానేసింది. హెల్మెట్ ఒక్కటే తెచ్చి బండికే తాళం వేసేది. నోటు బాగా అమలైందనుకున్నాను. సెప్టెంబరులో ఒక సాయంత్రం, వాన వెలిశాక, తార్నాక దగ్గర బండి జారింది. పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులే ఆనిస్తారు. రెండు అరచేతులూ, కుడి మోచెయ్యీ చర్మం లేచిపోయింది. తలకి హెల్మెట్ ఉంది కాబట్టి ఆమె ఉంది. చూడ్డానికి వెళ్తే వాళ్లమ్మ అన్నం కలిపి ముద్దలు పెడుతోంది. జాకెట్టు ఏమైందమ్మా అని అడగాలనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది. "అల్మారాలో ఉంది మేడమ్" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

ఆడవాళ్లు భద్రత పట్టించుకోరు, జుట్టు చెదురుతుందని హెల్మెట్ పెట్టుకోరు అని చాలా తేలిగ్గా అనేస్తాం. ఇంటిదగ్గర వేసుకోవడం ఒక నిర్ణయం. ఆఫీసులో విప్పి పెట్టుకోగలగడం ఇంకొకళ్ల చేతిలో ఉంది. రెండోది లేకపోతే మొదటిది ఎన్నాళ్లో నిలవదు. ఈ సంగతి ఎప్పుడో కార్మికుల విషయంలో మన చట్టానికి తెలుసు. 1948 ఫ్యాక్టరీల చట్టం 43వ సెక్షను చదివితే ఆశ్చర్యమేసింది. పనివేళల్లో వేసుకోని బట్టలు పెట్టుకోవడానికీ, తడి బట్టలు ఆరేసుకోవడానికీ చోటు ఉండాలని రాష్ట్ర ప్రభుత్వాలు నిబంధన పెట్టవచ్చని ఉంది. ఆ చట్టం స్థానంలో తెచ్చిన 2020 నాటి కోడులోనూ ఆ మాట ఉంది. తడిబట్ట ఆరేసుకోవడం మనిషి పనిలో భాగమని ఎవరో ఒకరు ఆలోచించి రాశారు. అది అడగొచ్చని మా ఆఫీసులో ఎవరికీ, నాతో సహా, తోచలేదు.

మళ్లీ ఆ ఏడు కథల దగ్గరికి వస్తాను. వాటిల్లో ఒకటి మిగతావాటి కంటే కొంచెం తేడా. కథానాయిక పల్లెటూరి బడిలో టీచరు. వానలో తడిసి బడికి చేరి, హెల్మెట్ ఎక్కడ పెట్టాలో తెలియక స్టాఫురూము గుమ్మంలో రెండు నిమిషాలు నిలబడుతుంది. నీళ్లు కారుతుంటాయి. హెడ్మాస్టరు నేలవైపు చూస్తాడు. చివరికి ఆమె హెల్మెట్‌ని చంకలో పెట్టుకునే ఒకటో తరగతిలోకి వెళ్తుంది. పిల్లలు దాన్ని ముట్టుకుని చూస్తారు. శైలి అంత గొప్పగా లేదు. ముగింపు తొందరపడింది. కానీ ఆ రెండు నిమిషాలు మిగతా ఆరు కథల్లోనూ లేవు. మొదటిసారి చదివినప్పుడు ఆ పేరా పక్కన పెన్సిలుతో నేను రాసుకున్న మాట "అనవసర వివరం, తీసెయ్యొచ్చు".

సొంత చేతిరాత చూసి సిగ్గుపడ్డాను. సాహిత్యంలో ఏది అవసరం, ఏది అనవసరం అని మనం ఎక్కడ నేర్చుకున్నాం? గాలిలో జుట్టు అవసరం, గుమ్మంలో కారే నీళ్లు అనవసరం అని ఎవరు చెప్పారు? సీట్ల దగ్గర సామాన్లు ఉండకూడదని నోటు రాసిన చెయ్యే ఆ పెన్సిలూ పట్టుకుంది. స్త్రీలు ఇల్లు దాటడం గురించి మనం చాలా రాశాం, రాయవలసిందే. దాటి వెళ్లి చేరిన చోట ఎలా నిలబడుతున్నారో, చేతిలోది ఎక్కడ దింపుకుంటున్నారో రాయడం ఇంకా మొదలే కాలేదు. బండి ఎక్కడంతో స్వేచ్ఛ వచ్చేసిందని ముగించే కథ, చదివేవాళ్లకి హాయినిస్తుంది. రోజూ బండి దిగేవాళ్లకి మాత్రం ఏమీ ఇవ్వదు.

ఆ మాట రబ్బరుతో చెరిపి, ఆ కథకి ఎక్కువ మార్కులు వేశాను. తోటి న్యాయనిర్ణేతలు ఒప్పుకోలేదు. బహుమతి ఇంకో కథకి వెళ్లింది. వాదన మాత్రం గట్టిగానే జరిగింది.

ఆఫీసులో కూడా ఒక పని చేశాను. స్త్రీల గదిలో సామాన్లు పెట్టుకోవడానికి అరలు కావాలని కాయితం పెట్టాను. అది ఇంకా తిరుగుతోంది. ఈలోగా నా డబ్బుతో నాలుగు ఇత్తడి కొక్కేలు కొని బాత్రూము తలుపుల వెనక బిగించమని అటెండరుకి ఇచ్చాను. "దేనికమ్మా ఇవి?" అన్నాడు. చెప్పాను. మర్నాడు చూస్తే ఒకదానికి అప్పుడే ఎవరిదో తడి రెయిన్‌కోటు వేలాడుతోంది. ఆ అమ్మాయి జాకెట్టు ఇంకా రాలేదు. రమ్మని అడిగే హక్కు నాకు ఉందనుకోను. కొక్కెం అయితే ఉంది.