మడమ దగ్గర ఆగిన మేజోడు

కొత్తగూడెంలో ఊలు అల్లేవాళ్ళకు కాలం చాలా కొద్ది. కార్తీకంలో చలి మొదలై, శివరాత్రికి శివశివా అంటూ వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఈ బొగ్గు గనుల ఊళ్ళలో ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. చేతి చెమటకు ఊలు సూది మీద జరగదు, బలవంతంగా లాగితే కుట్లు బిగుసుకుపోతాయి. శివరాత్రి వెళ్ళింది కాబట్టి నా సంచీ మళ్ళీ సగం పనులతోనే మూతపడుతోంది: పసిపాప స్వెటర్ వీపు భాగం, అంచు మిగిలిన శాలువా, జతలో ఒక్కటే పూర్తయిన మేజోళ్ళు.

"ఇన్ని మొదలుపెట్టావు గదా వదినా, ఒక్కటైనా అయిందా?" అని మా ఆడపడుచు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అవన్నీ ముందేసుకుని చూస్తే ఒకటి తెలిసింది. పని ఎక్కడబడితే అక్కడ ఆగదు, దాని కష్టమైన చోటే ఆగుతుంది. స్వెటర్ భుజాలు కలిపే దగ్గర, మేజోడు మడమ దగ్గర.

మేజోడు కుట్లను నాలుగు సూదుల మీద పంచి, ఐదో సూదితో గుండ్రంగా అల్లుతారు. పిక్క నుంచి చీలమండ దాకా మాట్లాడుకుంటూ అల్లేయొచ్చు. మడమ వచ్చేసరికి సగం కుట్లు పక్కనపెట్టి, మిగతా సగం మీద ముందుకూ వెనక్కూ నడవాలి. అదీ వరస చివరిదాకా కాదు, మధ్యలోనే తిరిగి రావాలి. ఆ పొట్టి వరసల వల్లే తిన్నగా వస్తున్న అల్లిక వంపు తిరిగి మడమ అవుతుంది. తిరిగిన చోట సన్నటి కన్నం పడుతుంది, పక్క పోగును ఎత్తి కలిపి అల్లితే పూడుతుంది. ఆ సమయంలో ఎవరైనా పలకరించారా, లెక్క పోయినట్టే.

నా జత రెండు రంగులది, నీలం మీద తెలుపు. డిజైన్ చుక్కల ముగ్గు నుంచి తీసుకున్నాను. గళ్ళ కాగితం మీద ఒక్కో గడి ఒక్కో కుట్టు. అయితే ముగ్గు పిండి వేసిన చోటే ఉంటుంది, పోగు అలా ఉండదు. తెలుపు అక్కర్లేని చోట కూడా ఆ తెల్లపోగు లోపలివైపు వెంట రావాల్సిందే. ఐదారు కుట్లు దాటి సాగితే తొడిగేటప్పుడు వేళ్ళకు తగులుకుంటుంది, బిగిస్తే మేజోడు పాదానికి ఎక్కదు. అందుకే పెద్ద మెలికల ముగ్గు వదిలేసి, చుక్కలు దగ్గరదగ్గరగా ఉన్న చిన్న ముగ్గు ఎంచుకున్నాను.

ఈజిప్టులో మధ్యయుగాల నాటి నీలం, తెలుపు మేజోళ్ళు దొరికాయి. అవి నూలువి. వేడి దేశం వాళ్ళు నూలుతో అల్లుకున్నారంటే భద్రాచలం ఎండకూ అదే తగినది. నూలు ఊలులాగా సాగదు కనుక పై అంచున రెండు నిట్, రెండు పర్ల్ వేసే రిబ్ కాస్త పొడుగ్గా ఉండాలి. వచ్చే జత నూలుతోనే.

మధ్యలో ఆపగలగడం నాకు దక్కిన వెసులుబాటు, అందరికీ లేదు. భద్రాద్రి రాముడి కల్యాణానికి గోటితో వడ్లు ఒలిచేవాళ్ళకు శ్రీరామనవమి గడువు ఉంది. గోదావరి దిగువన నరసాపురంలో క్రోషే లేసు అల్లే ఆడవాళ్ళకు ఆపితే కూలి రాదు. ఇంటి ఆడవాళ్ళు తీరిక వేళ చేసే పనిగా చూడడం వల్లే వాళ్ళ శ్రమకు విలువ దక్కలేదని పరిశోధకురాలు మరియా మీస్ 1982లో వెలువడిన పుస్తకంలో వివరంగా రాశారు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కూలి కూడా పెరగాలి. నిజమైన తీరిక ఉన్న నాలాంటివాళ్ళు ఆ అల్లికను బేరమాడకుండా కొనాలి.

మీ బీరువాలో కూడా సగంలో ఆగిన స్వెటరో మేజోడో ఉంటే ఈ ఎండలు ముదరకముందే బయటికి తీయండి. స్టీలు సూదులు అలాగే వదిలేస్తే తుప్పు మరక పడొచ్చు. కుట్లన్నిటినీ వేరే రంగు దారం మీదికి ఎక్కించి ముడేయండి. ఏ వరసలో ఆగారో, తర్వాత ఏం చెయ్యాలో చీటీ మీద రాసి దానికే గుచ్చండి. ఎండిన వేపాకు నాలుగు రెబ్బలు వేసి మూట కట్టండి. కార్తీకంలో విప్పినప్పుడు కొత్తది మొదలుపెట్టకుండా ముందు ఆ మడమ తిప్పండి.