పెరటి గుమ్మంలోంచి వెనిస్

కొత్తగా పరిచయమైన వాళ్ళింటికి వెళితే మనల్ని ముందు గదిలో కూర్చోబెడతారు. ఉతికిన దిండు గలీబులు, అద్దాల బీరువాలో కొండపల్లి బొమ్మలు, మంచినీళ్ళు, కాఫీ. "ఇల్లెంత ముచ్చటగా ఉందండీ!" అనేసి వచ్చేస్తాం. అందులో అబద్ధమేమీ లేదు. అలా అని ఆ ఇంటి సంగతి మనకి తెలిసిపోయిందీ అంటే అదీ నిజం కాదు. అందుకు పెరటి గుమ్మంలోంచి రావాలి. అంట్ల గిన్నెలూ, నూతి గట్టూ, ఆరేసిన బట్టలూ దాటుకుంటూ రావాలి.

వెనిస్ నగరంలో మొదటిసారి అడుగుపెట్టినప్పటి ముచ్చట్లు చదువుతుంటే నాకీ ముందు గది సంగతే గుర్తొస్తుంది. 118 దీవులు, 400కి పైగా వంతెనలు, వీధులకు బదులు కాలవలు, బళ్ళకు బదులు పడవలు. అక్కడికి చేరిన రచయిత ఎవరైనా సరే, ముందు కళ్ళు నులుముకుంటాడు, ఆ తరవాత కలం తీస్తాడు. ఆ రాతల్లో ఓ మూడింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటివాడు చార్లెస్ డికెన్స్. 1844లో వెళ్ళాడు. ఊరిని గట్టుతో కలిపే రైలు వంతెన అప్పటికింకా పూర్తికాలేదు, 1846లో గాని రాలేదు. రాత్రివేళ పడవలో చేరాడాయన. 'పిక్చర్స్ ఫ్రమ్ ఇటలీ' పుస్తకంలో ఆ ప్రయాణాన్నంతా ఓ కలగా రాశాడు. అధ్యాయం ఆఖరి వాక్యం దాకా ఊరి పేరైనా చెప్పడు! చీకట్లో నీళ్ళ మీద నల్లగా ఏదో కనిపిస్తుంది. ఏమిటంటే శ్మశానం అంటాడు పడవవాడు. చదివేవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. చెరసాల గదుల్లోకీ దిగుతాడు, కాని అదీ కలలోనే. లండన్ పేదవాడల్లో ఎవరు పస్తున్నారో, ఎవరు పొయ్యి రాజేశారో ఇంటింటికీ తిరిగి చెప్పిన మనిషి, ఇక్కడ మాత్రం ఏ వంటింట్లోకీ తొంగిచూడడు. కలలో ఎవరికీ ఆకలి వెయ్యదు, ఎవరూ అంట్లు తోమరు.

రెండోవాడు థామస్ మాన్. 1912లో వచ్చిన 'డెత్ ఇన్ వెనిస్' కథలో ఆషెన్‌బాహ్ అనే పేరుమోసిన రచయిత సముద్రం మీద ఓడలో వస్తాడు. ఈ ఊరికి రైల్లో రావడమంటే రాజభవనంలోకి దొడ్డిదారిన దూరడమే అనుకుంటాడు. అంత దర్జాగా సింహద్వారం దగ్గర దిగిన మనిషికి జరిగే మర్యాద ఏమిటంటారా? శవపేటికలాంటి నల్లటి గొండోలా, చెప్పిన చోటుకి తీసుకువెళ్ళని పడవవాడు. ఊళ్ళో కలరా ఉందనే మాట యాత్రికుల చెవిన పడకుండా అధికారులు దాచేస్తారు. ముందు గది అలంకరణ వెనక ఏం కప్పెట్టారో చెప్పిన కథ ఇది. అందుకే గొప్పది. అయినా ఇందులో కూడా ఊరు ఒక పరాయి మనిషి చావుకు వేసిన తెరలాగే మిగిలిపోతుంది. ఆ తెరకి అవతల కాపురాలున్న సంగతి మనకి అందదు.

ఇక మూడో ఆయన. విలియం డీన్ హొవెల్స్ అంటే మన వాళ్ళలో చాలామందికి తెలియదు. అమెరికా ప్రభుత్వం ఈయన్ని 1861లో వెనిస్‌కి కాన్సల్‌గా పంపింది. 1865 దాకా అక్కడే ఉన్నాడు. 'వెనీషియన్ లైఫ్' పుస్తకం 1866లో వచ్చింది. చలికాలం, తెల్లవారుజామున అయిదింటికి దిగాడట. ఎండాకాలమైతే మనసు ఇంకాస్త ఉప్పొంగేదేమో అన్న ధోరణిలో నవ్వుతూ మొదలుపెడతాడు. చూశారా, కల కాదు, చలి!

అంతకు ముందే ఒక నాటకశాల సంగతి చెబుతాడు. ఒకసారి రంగస్థలాన్ని ఆనుకున్న చోట కూర్చోవాల్సొచ్చిందట. నాటకంతో పాటు తెర వెనక ప్రాంప్టరూ, పనివాళ్ళూ, సామానూ అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. అయినా నాటకం రక్తి కట్టింది. వెనిస్‌ని నేనలా చూశానంటాడు. ఈ ఒక్క పోలికకే ఆయనకు అగ్రతాంబూలం ఇచ్చేస్తాను. చాటున ఉన్నది కనిపించినా అందం చెడలేదని చెప్పడానికి ధైర్యం కావాలి.

అక్కడి చలి ఎముకలు కొరికేస్తుంది. రాతి ఇళ్ళు వెచ్చబడవు. ఆడవాళ్ళు మట్టి కుంపట్లలో నిప్పులు పోసుకుని, పరికిణీ కుచ్చెళ్ళ కింద పెట్టుకుని కూర్చుంటారట. ఇల్లు నడపడం మీద ఒక అధ్యాయానికి అధ్యాయమే ఉంది. జొవాన్నా అనే పనిమనిషి అందులో నడుస్తుంది, మాట్లాడుతుంది, పెత్తనం చేస్తుంది.

అలా అని ఈయనకీ లోటు లేకపోలేదు. జొవాన్నాని చూసి ముచ్చటపడే చూపు జీతమిచ్చే యజమాని చూపే. వంటింట్లోకి వచ్చాడు గాని పీట వాల్చుకుని కూర్చోలేదు.

అసలీ నీళ్ళ ఊళ్ళో తాగడానికి నీళ్ళుండేవి కావు. చుట్టూ ఉప్పునీరే. వాన నీటిని ఇసుకలో వడగట్టి నూతుల్లో నిలవ చేసుకునేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ నీళ్ళని రాగి బిందెల్లో నింపి, కావడి భుజాన వేసుకుని, ఇంటింటికీ అమ్మిన ఆడవాళ్ళుండేవారు. బిగొలాంతీ అనేవారు వాళ్ళని. చాలామంది ఉత్తరాన ఫ్రియులీ పల్లెల నుంచి బతకడానికి వచ్చినవాళ్ళు. 1884లో గొట్టాల ద్వారా మంచినీళ్ళు వచ్చాక ఆ వృత్తి వెనకబడిపోయింది. వాళ్ళూ ఒకనాడు ఆ ఊళ్ళో మొదటిసారి అడుగుపెట్టినవాళ్ళేగా! ఆ భవనాలు చూసి వాళ్ళకేమనిపించింది? ఇంటి మీద బెంగతో ఏ రాత్రి ఏడ్చారు? డికెన్స్, మాన్, హొవెల్స్ — ముగ్గురిలో ఎవరి పుస్తకమూ ఈ ప్రశ్నకి జవాబు చెప్పదు.

ఇదంతా పాత గొడవ అనుకోకండి. 1951లో ఆ దీవుల మీద దాదాపు 1,75,000 మంది కాపురముండేవారు. 2022లో ఆ సంఖ్య 50,000 కంటే దిగువకి పడిపోయింది. రియాల్టో వంతెన దగ్గర ఓ మందుల దుకాణం వాళ్ళు 2008లో కిటికీలో అంకెల పలక పెట్టారు, ఊళ్ళో ఇంకా ఎంతమంది మిగిలారో లెక్క చెప్పడానికి. 2024 నుంచి కొన్ని రోజుల్లో, ఉదయం వచ్చి సాయంత్రం పోయేవాళ్ళ దగ్గర 5 యూరోల ప్రవేశ రుసుం వసూలు చేయడం మొదలుపెట్టారు. ఇళ్ళు సత్రాలైపోయాయి, అద్దెలు పెరిగాయి, పిల్లలున్నవాళ్ళు గట్టు మీదికి తరలిపోయారు. ఇందుకు పుస్తకాలే కారణమంటే అన్యాయం. కాని అదొక కల, అక్కడ ఎవరూ ఉండరు అని ఇన్ని తరాలుగా అందంగా చెబుతూ వచ్చినవాళ్ళకి ఇందులో బొత్తిగా పాలు లేదనీ అనలేం.

డికెన్స్‌ని చదవొద్దనను. ముందు హొవెల్స్ ఇల్లు నడిపిన అధ్యాయం చదివి, తరవాత ఆ కల చదవండి. చీకట్లో పడవ సాగిపోతుంటే అటూ ఇటూ కిటికీల్లో దీపాలు కనిపిస్తాయి. ఆ దీపం ఎవరు వెలిగించారో, కుండలో నీళ్ళు ఎవరు పోశారో అప్పుడు మీకే తడుతుంది.